పాలు మనవి, కొలత వాళ్ళది

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఏ పల్లెకు పోయినా తెల్లవారుజామున కనపడే దృశ్యం ఒక్కటే. ఇంకా చీకటి విడిపోదు. వీధి మొగదల పాల సేకరణ కేంద్రం ముందు స్టీలు క్యాన్లు, సత్తు తపేలాలు వరసగా ఉంటాయి. వాటి వెనక నిలబడేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పాలు పోసి, ఇంటికి పోయి, ఇంత సంగటి కెలికి, పిల్లలను బడికి తోలి, మళ్ళీ ఎనిమిది గంటలకల్లా కూలికి పోవలసినవాళ్ళు. ఏజెంటు పాలు తీసుకుంటాడు, చెంచాడు పాలు మిషన్ గొట్టానికి అందిస్తాడు. మిషన్ మీద నాలుగు అంకెలు మెరుస్తాయి, చిన్న చీటీ బయటికొస్తుంది.

"ఏంది నా, నిన్న నాలుగుండె, ఈ పొద్దు మూడున్నర అయిపోయిందే?"

"మిషన్ చెప్పింది అంతే కదక్కా, నేనేమన్నా ఇంట్లో చేసుకొచ్చినానా?"

ఈ సంభాషణ ఏదో ఒక ఊరిది కాదు. పాలు పోసే ప్రతి పల్లెలోనూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఆవును మేపింది ఆమె, పేడ ఎత్తింది ఆమె, పొదుగు కడిగి పితికింది ఆమె. కాని ఆ పాలలో వెన్న ఎంత, వాటి ధర ఎంత అని తేల్చేది మాత్రం ఆమె కాదు. పాడి పరిశ్రమ సాధించిన ప్రగతి అంతటినీ ఈ క్యాన్ల వరస దగ్గర నిలబడి చూస్తేనే దాని అసలు రూపం తెలుస్తుంది.

ప్రగతి లేదని ఎవరూ అనడం లేదు. 1950-51లో దేశం మొత్తం మీద పాల ఉత్పత్తి ఒక కోటి 70 లక్షల టన్నులు. 2023-24 నాటికి అది దాదాపు 24 కోట్ల టన్నులకు చేరింది. 1998 నుంచి పాల ఉత్పత్తిలో ప్రపంచంలోకెల్లా మన దేశానిదే మొదటి స్థానం. ఈ పాలు పెద్ద పెద్ద ఫారాలలో పుట్టినవి కావు. ఒకటి, రెండు, మూడు పశువులున్న కోట్లాది చిన్న కొట్టాలలో పుట్టినవి. చిత్తూరు జిల్లా సంగతే తీసుకోండి. వాన నమ్మకం లేని నేల. వేరుశనగ ఒక ఏడాది పండితే రెండేళ్ళు ఎండుతుంది. బోర్లు అడుగంటుతాయి. పంట పోయిన ఏడు కూడా పొయ్యి ఆరిపోకుండా ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది కొట్టంలోని సీమావే. అంతటి ఆధారాన్ని కూలి తల్లి చేతిలో నిలవనివ్వకుండా చేస్తున్నవి మూడు. కొలత ఆమె చేతిలో లేదు. మేత ఆమె చేతిలో లేదు. సంఘం ఆమె చేతిలో లేదు.

వెన్న గీత మాయమైంది

సహకార సంఘాలలో పాల పరీక్ష ఒకనాడు ఇలా జరిగేది. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం పోసి, 10.75 మిల్లీలీటర్ల పాలు కలిపి, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు చేర్చి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టేవారు. వెన్న పైకి తేలి గొట్టం మెడలో పసుపుపచ్చ గీతలా నిలిచేది. దీన్నే గెర్బర్ పరీక్ష అంటారు. ఆ రోజుల్లోనూ మోసాలు లేకపోలేదు. కాని గొట్టాన్ని చేతిలోకి తీసుకొని వెలుతురుకు పెట్టి చూస్తే చదువురాని మనిషికి కూడా గీత ఎక్కడ ఆగిందో తెలిసేది.

ఇప్పుడు మిషన్ వచ్చింది. నిమిషంలో వెన్న, వెన్న కాని ఘనపదార్థాలు, కలిపిన నీళ్ళు అన్నీ చెబుతుంది. యంత్రాన్ని మనం కాదనడం లేదు. కాని ఆ యంత్రాన్ని రోజూ శుభ్రం చేస్తున్నారా? ప్రామాణికమైన పాలతో పోల్చి ఎప్పటికప్పుడు సరిచేస్తున్నారా? అంకెల్ని అర పాయింటు కిందికి దించి పెట్టలేదని ఎవరు చూశారు? కొనేవాడి యంత్రం, కొనేవాడి మనిషి, కొనేవాడి పట్టిక. అమ్మేవాడి వైపు సాక్షి లేడు.

ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. వెన్న శాతం రోజూ ఒకేలా ఉండదు. ముందు పితికిన పాలలో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. చివరి పాలు దూడకు వదిలితే క్యానులో వెన్న తగ్గుతుంది. పూట మారినా, మేత మారినా, ఈతకాలం ముదిరినా అంకె మారుతుంది. కాబట్టి తగ్గిన ప్రతిసారీ దొంగతనమే అనుకోనక్కరలేదు. కాని సహజంగా మారే అంకె ఒకనాడు తగ్గితే మరునాడు పెరగాలి కదా! ఎప్పుడూ కిందికే దిగే అంకె ప్రకృతిది కాదు, ఏజెంటుది.

కొలతలో ఇంకో కిటుకుంది. లీటరు పాలు కిలో కంటే దాదాపు 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. ధర కిలోకు చెప్పి, లీటరుతో కొలిచి, రెండూ ఒకటే అన్నట్టు లెక్క కడితే వంద లీటర్లకు మూడు కిలోలు గాలికి పోతాయి. ఊరంతా కలిపి చూస్తే అదేమంత చిన్న మొత్తం కాదు.

లెక్క కట్టి చూద్దాం

సెంటు భూమి లేని ఒక కూలి తల్లికి ఎనిమిది లీటర్లిచ్చే సీమావు ఉందనుకుందాం. లీటరుకు 35 రూపాయలు పడుతుందనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలు. మీ ఊళ్ళో ధరలు వేసుకొని మీరే మళ్ళీ కట్టి చూడండి.

రోజుకు వచ్చేది 280 రూపాయలు. ఆవుకు నాలుగు కిలోల దాణా కావాలి. కిలో 28 చొప్పున 112 రూపాయలు. ఆరు కిలోల ఎండుమేత, కిలో ఎనిమిది రూపాయల చొప్పున 48. ఇరవై కిలోల పచ్చిమేత, కిలో మూడు రూపాయల చొప్పున 60. మొత్తం ఖర్చు 220. మిగిలింది 60 రూపాయలు. మందులు, సూదులు, పాలివ్వని రోజులు, అప్పు వడ్డీ ఏవీ ఇందులో లేవు. తెల్లవారి నాలుగింటి నుంచి రాత్రి దాకా తల్లీబిడ్డలు పడే చాకిరీకి ఆ 60 రూపాయలే కూలి.

ఇప్పుడు వెన్న లెక్కకు రండి. వెన్న మీదే ధర కట్టే చోట నాలుగు శాతాన్ని మూడున్నర అని రాస్తే ఎనిమిదింట ఒక వంతు పోయినట్టు. అంటే ఎనిమిది లీటర్లు పోస్తే ఏడింటికే డబ్బు. 280లో 35 రూపాయలు పోతాయి. మిగులు 60 కాదు, 25. అర పాయింటే కదా అని వినేవాళ్ళకు అనిపించవచ్చు. ఆ అర పాయింటు ఆమె కూలిలో సగానికి పైగా మింగేస్తున్నది!

అదే ఆవు నీళ్ళున్న రెండెకరాల రైతు కొట్టంలో ఉందనుకోండి. పచ్చిమేత తన చేలోది, ఎండుమేత తన కళ్ళంలోది. ఆ 108 రూపాయలు సంతకు పోవు. గడ్డి పెంచే ఖర్చు తీసేసినా అతనికి కొంత ఊపిరి ఆడుతుంది. ఆవు ఒకటే, పాలు అవే. భూమి ఉన్న చోట ఆవు ఆదాయం, భూమి లేని చోట ఆవు అప్పు. పాడి అభివృద్ధి ఉపన్యాసాలలో ఈ తేడా ఎవరూ చెప్పరు.

గడ్డి మోపు వెనక కథ

మరి భూమి లేనివాళ్ళు ఇన్నాళ్ళూ పశువుల్ని ఎట్లా మేపినారు? ఊరి బీడు, చెరువు లోపలి కట్ట, గుట్ట, వాగు గట్టు, చేల గెనాలు. కూలికి పోయిన చోట కలుపు తీసి ఆ కలుపునే మోపు కట్టుకొని వచ్చేవాళ్ళు. పొద్దు గూకే వేళ నెత్తిన గడ్డి మోపులతో గుంపుగా వచ్చే ఆడవాళ్ళ వరసే పల్లెలో పాడి పరిశ్రమకు పునాది.

ఆ పునాది కింద మట్టి కరిగిపోతోంది. ఊరి బీళ్ళు, గుట్టలు ఒక్కొక్కటే కంచెల్లోకి పోతున్నాయి. వేరుశనగ వేసిన చేలు మామిడి తోటలయ్యాయి. వేరుశనగ కట్టెతో పశువుకు ఏడాదిలో కొన్ని నెలలు గడిచేది, మామిడి ఆకుతో గడవదు కదా. వరి కోసే పెద్ద యంత్రం వచ్చాక కోత కూలీ పోయింది, గడ్డి కూడా నలిగి చేలోనే చెదిరిపోతోంది. కలుపు మందు వచ్చింది. అది ఒకే దెబ్బకు రెండు పొట్టలు కొట్టింది. కలుపు తీసే కూలి పోయింది, ఆ కలుపుతో బతికే ఆవు మేతా పోయింది. మందు కొట్టిన గెనం మీద గడ్డి కోసుకొచ్చి పశువుకు వేయాలంటే భయం వేరే.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. ఎవరి గెనం మీద గడ్డి కోస్తే వాళ్ళ మాట పడాలి. "మా చేలో గడ్డి కోసుకుంటా ఉండావు, రేపు కాయలు పెరకను రావాల" అంటే రేటెంత అని అడగడానికి నోరు రాదు. కూలి పెంచమని నలుగురూ కలిసి అడిగిన ఊళ్ళో మొట్టమొదట మూతపడేది గడ్డికి పోయే దారే. ఇంట్లో ఆవు ఆకలితో అరుస్తుంటే ఎన్నాళ్ళు పట్టుదల మీద నిలబడగలరు? గడ్డి మోపు రూపంలో కూలీ మెడకు పడిన పలుపు ఇది. కూలి రేట్ల పోరాటం వేరు, పాడి సమస్య వేరు అనుకునే కార్యకర్తలు ఈ సంగతి గమనించాలి. మేతకు సొంత దారి లేని కూలీ కూలి రేటు కోసం గట్టిగా నిలబడలేదు.

అప్పుతో వచ్చిన ఆవు

పేదలకు పశువులిచ్చి దారిద్య్రం పోగొడతామన్న మాట కొత్తది కాదు. 1978-79లో మొదలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకాన్ని 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించారు. ఆ పథకం కింద అప్పు, సబ్సిడీ కలిపి ఇచ్చిన ఆస్తుల్లో పాడి పశువులదే పెద్ద వాటా. పశువును కొనిపెడితే పేదరికం తీరుతుందా అని 1985లోనే నీలకంఠ రథ్ అనే ఆర్థికవేత్త గట్టిగా ప్రశ్నించారు. మేత లేకుండా, వైద్యం లేకుండా, అమ్ముకునే చోటు లేకుండా పశువును మాత్రం ఇంటికి తోలితే అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆవు పోయింది, అప్పు మిగిలింది అన్న మాట ఆ రోజుల్లో ఊరూరా వినపడింది. 1999 ఏప్రిల్‌లో ఆ పథకం పేరు పోయి ఇంకో పథకం వచ్చింది. పేర్లు మారుతూనే ఉన్నాయి, పద్ధతి మారలేదు.

సీమావు సుకుమారమైనది. పొదుగు వాపు వస్తే పాలు విరిగిపోతాయి. చూలు నిలవకపోతే నెలల తరబడి వట్టి మేపే. గాలికుంటుకు సకాలంలో టీకా వెయ్యాలి. 2022లో ముద్ద చర్మపు జబ్బు దేశంలో ఎన్నో కొట్టాలను ఖాళీ చేసింది. అన్నీ బాగున్నా ఈనడానికి ముందు రెండు నెలలైనా పాలు ఉండవు. ఆ రెండు నెలలూ ఆవు తినడం మానదు, అప్పు కంతు ఆగదు. అప్పుడే ఏజెంటు చెయ్యి అందిస్తాడు. దాణా బాకీ ఇస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు. ఆ తరువాత పది రోజులకో పదిహేను రోజులకో వచ్చే బిల్లులోంచి ముందు తన బాకీ పట్టుకుంటాడు. బాకీ ఉన్న మనిషి పాలు ఇంకో కేంద్రానికి పోయలేదు, వెన్న ఎందుకు తగ్గిందని గట్టిగా అడగనూ లేదు.

వట్టిపోయిన ఆవును అమ్ముకొని ఇంకొకటి తెచ్చుకునే దారి కూడా ఇరుకైంది. సంతల్లో పశువుల్ని వధకు అమ్మరాదంటూ 2017 మేలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు వాటి అమలును దేశమంతటా నిలిపివేసింది. కాని పశువును సంతకు తోలుకుపోవాలంటే దారిలో ఎవరు ఆపుతారో అన్న భయం మాత్రం మిగిలిపోయింది. ఆ భయం మొదట కోసేది సంతలో పేదవాడికి దక్కే ధరనే.

సహకారం ఎలా వచ్చింది, ఎలా పోయింది

సహకార డైరీ ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పాలన్నీ ఒక ప్రైవేటు కంపెనీకే పోయాలన్న ఏర్పాటును ఎదిరించి 1946లో రైతులు పదిహేను రోజులపాటు పాలు పోయడం మానేశారు. ఆ సమ్మె నుంచే అమూల్ పుట్టింది. త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగి సంఘాలు కట్టారు. అక్కడ పాలున్నవాళ్ళు కదిలిన తరువాతే డైరీ వచ్చింది.

మన రాష్ట్రంలో దారి వేరు. ప్రభుత్వం ముందు శీతల కేంద్రాలు కట్టింది. 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థను పెట్టింది. 1981లో దాన్ని సహకార సమాఖ్య చేసింది. విజయ పాలు ఊరూరా తెలిసిన పేరయింది. దీనివల్ల మేలు జరగలేదని అనలేం. ఏడాది పొడుగునా పాలు కొనేవాడు ఒకడున్నాడన్న భరోసా పల్లెకు మొదటిసారి వచ్చింది. కాని సంఘం పైనుంచి దిగింది. చాలాచోట్ల ఊళ్ళో భూమి, పలుకుబడి ఉన్నవాడే పాల సంఘం అధ్యక్షుడు. కూలి తల్లి పాలు పోసింది, మహాసభలో మాత్రం కూర్చోలేదు. తమది కానిదాన్ని కాపాడుకోవడానికి జనం ఎట్లా వస్తారు?

1991లో కొత్త పారిశ్రామిక విధానం వచ్చి డైరీ రంగం ప్రైవేటుకు తెరుచుకుంది. 1992 నాటి పాల ఉత్తర్వు ఏ డైరీ ఏ ప్రాంతంలో పాలు సేకరించాలో కొంత హద్దు పెట్టింది. 2002 మార్చిలో ఆ హద్దునూ తీసేశారు. అదే 2002లో చిత్తూరు సహకార డైరీ మూతపడింది. పాలు పోసినవాళ్ళకూ, పనిచేసిన కార్మికులకూ బకాయిలు నిలిచిపోయాయి. మూతకు కారణం నువ్వంటే నువ్వని రాజకీయ పక్షాలు ఇరవై ఏళ్ళకు పైగా వాదులాడుకున్నాయి. ఆ వాదంలో క్యాను పట్టుకొని వరసలో నిలబడిన మనిషి గొంతు మాత్రం వినపడలేదు. 2023 జూలైలో ఆ డైరీని అమూల్ చేత తెరిపిస్తామని శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన రాయి పాలు కొనదు, కొలవదు. ఏ కంపెనీ వచ్చినా, ఏ సంస్థ వచ్చినా మనం అడగవలసిన ప్రశ్నలు మారవు. కొలిచేది ఎవరు? లెక్కలు చూసే హక్కు ఎవరిది?

ఈ మధ్యకాలంలో ప్రైవేటు డైరీల వెనక ఉన్న పెట్టుబడి రూపం కూడా మారింది. తెలుగు నేల మీద పెరిగిన తిరుమల డైరీని 2014లో ఫ్రాన్సుకు చెందిన లాక్టాలిస్ కంపెనీ కొనుక్కుంది. విదేశీ పాలపొడిని పన్నులు లేకుండా దింపుకునే ప్రమాదమున్న ప్రాంతీయ వాణిజ్య ఒప్పందం నుంచి 2019 నవంబరులో మన దేశం బయటికి వచ్చింది. దేశమంతటా రైతు సంఘాలు గొంతెత్తడం కూడా దానికి ఒక కారణం. ఆ ప్రమాదం ఒక్కసారితో తొలగిపోయేది కాదు.

సహకారమే పనికిరాదని ఇందువల్ల అనుకోరాదు. నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం కింద ఆడవాళ్ళే కట్టుకున్న మహిళా డైరీ 2000లో పాల సేకరణ మొదలుపెట్టింది. స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది. మిగిలిన లాభం పాలు పోసిన సభ్యులకే బోనసుగా చేరుతోంది. అధ్యక్షురాలి నుంచి పాలకవర్గం దాకా పాలు పితికే చేతులే. పైనుంచి దిగిన సంఘానికి, కింద నుంచి లేచిన సంఘానికి తేడా అక్కడ తెలుస్తుంది.

ఏం చెయ్యాలి?

కూలి సంఘం, రైతు సంఘం ఈ సమస్యను తమదిగా చేపట్టాలి. పాలు పోసేవాళ్ళలో పేద రైతు, కూలీ ఇద్దరూ ఉన్నారు. కొలత మోసంలో ఇద్దరూ ఒకే చోట దెబ్బ తింటున్నారు. మనం అడగవలసినవి ఇవి:

1. ప్రతి సేకరణ కేంద్రంలో తూకానికి, వెన్న మిషన్‌కు ప్రభుత్వ తనిఖీ ముద్ర ఉండాలి. తనిఖీ తేదీ గోడ మీద రాయాలి. పాల సేకరణలో రైతుల రక్షణ కోసమంటూ 2023లో రాష్ట్రంలో చట్టం చేశారు. చట్టం కాగితం మీద కాదు, క్యాను దగ్గర కనపడాలి.

2. వెన్న, ఇతర ఘనపదార్థాల అంకెలు, లీటరు ధర, కోతలు ఉన్న చీటీ తెలుగులో ప్రతి పూటా ఇవ్వాలి.

3. దాణా ధర పెరిగినప్పుడల్లా పాల సేకరణ ధర కూడా పెరిగేట్టు కనీస ధర నిర్ణయించాలి.

4. ఊరి బీళ్ళు, చెరువు లోపలి పొరంబోకు నేలలను భూమిలేని ఆడవాళ్ళ సంఘాలకు మేత పెంచుకోవడానికి ఇవ్వాలి. డి.కె.టి. పట్టాలు ఉండి అన్యాక్రాంతమైన భూములు తిరిగి ఇప్పించాలి.

5. పశువైద్యం, టీకాలు, చూడి సూదులు కొట్టం దగ్గరికే ఉచితంగా రావాలి. పశువు చస్తే బీమా సొమ్ము తిప్పించుకోకుండా ఇవ్వాలి.

6. పాల సంఘంలో పాలు పోసే మనిషి పేరుతోనే సభ్యత్వం ఉండాలి. పితికేది ఆమె, సభ్యత్వం ఆయనది అన్న పద్ధతి పోవాలి.

ఇవన్నీ సాధించడానికి కాలం పట్టవచ్చు. కాని రేపు పొద్దున్నే మొదలుపెట్టగల పని ఒకటుంది. ఒక ఇంటి పాలు బాగా కలిపి రెండు క్యాన్లలో సమానంగా పోయండి. రెండు పేర్లతో, వరసలో వేరువేరు చోట్ల నిలబడి ఇద్దరు పోయండి. పాలు ఒకటే కాబట్టి అంకెలు కూడా దాదాపు ఒకటే రావాలి. రాకపోతే అక్కడే, అందరి ముందూ, మళ్ళీ పరీక్ష పెట్టమని అడగండి. నెలరోజులపాటు ప్రతి పూటా లీటర్లు, వెన్న, ధర ఒక పుస్తకంలో రాయండి. రాయడం రాని తల్లులకు బడికి పోయే పిల్లలు రాసిపెడతారు. ఇట్లా పది ఇళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏజెంటు నోటి మాట కంటే బలమైన సాక్ష్యం మన చేతికొస్తుంది.

ఒక్క మనిషి అడిగితే "మిషన్ చెప్పింది" అని జవాబు వస్తుంది. యాభైమంది పుస్తకాలు పట్టుకొని అడిగితే ఆ మిషన్‌ను విప్పి చూపించక తప్పదు. ఖేడాలో డైరీ పుట్టింది పాలు ఆపిన పదిహేను రోజుల్లో. ఏ ఊళ్ళోనైనా పాలు పోసే చేతులు లెక్క రాయడం మొదలుపెట్టిన నాడే కొలత చేతులు మారడం మొదలవుతుంది.